అల్లరి వెనక ఉన్న మాట

(సంఘం ఆన్‌లైన్ యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

మీకు అక్కడ ఆదివారం సాయంత్రం, మాకు ఇక్కడ పొద్దున. సగం మంది ఫోన్లలో, సగం మంది ఒకే ల్యాప్‌టాప్ చుట్టూ చేరి వింటున్నారని నిర్వాహకులు చెప్పారు. సిగ్నల్ పోతే చెయ్యెత్తండి, ఆగి మళ్ళీ చెబుతాను.

నేను తండాలో పుట్టినదాన్ని. ఆశ్రమ పాఠశాలలో చదివి, హైదరాబాదులో స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఎడ్ చేసి, రెండేళ్ళు ఒక రెసిడెన్షియల్ స్కూల్లో పని చేసి, పెళ్ళయ్యాక అమెరికా వచ్చాను. ఇప్పుడు టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో 'పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్ కోచ్'గా పని చేస్తున్నాను. ఈ పేరు చెబితే మా యాడీకి ఇప్పటికీ అర్థం కాదు. "కోచ్ అంటే కబడ్డీ నేర్పిస్తావా?" అని అడుగుతుంది. అందుకే ముందు ఈ పనేమిటో చెబుతాను. తరువాత అది మన పిల్లలకు ఎందుకు కావాలో చెబుతాను. చివర్లో మీలో ఈ దారిలో రావాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు.

ఈ పని ఎక్కడ పుట్టింది

పిల్లల ప్రవర్తనను భయపెట్టి కాకుండా నేర్పించి మార్చవచ్చు అనేది ఈ పనికి మూలం. ఇది మొదట మానసిక వికలాంగుల సేవలో పుట్టింది. 1970లు, 80లలో అమెరికాలోని సంస్థల్లో ఉండే వికలాంగులు తమను తాము కొట్టుకున్నా, వస్తువులు విసిరినా, ఆపడానికి నొప్పి కలిగించే పద్ధతులు వాడేవారు. కరెంటు షాకులు ఇచ్చిన చోట్లు కూడా ఉన్నాయి. దాన్ని కాదని, మనిషి గౌరవం తగ్గకుండా ప్రవర్తనను మార్చే శాస్త్రం కావాలని కొందరు పరిశోధకులు నిలబడ్డారు. ఆరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ హార్నర్, ఆయన సహచరులు 1990లో రాసిన వ్యాసం ఈ మార్గానికి ఒక మలుపు. ఆ తరువాత హార్నర్, జార్జ్ సుగాయ్ వంటివాళ్ళు దీన్ని మామూలు స్కూళ్ళకు, స్కూలు మొత్తానికి వర్తించేలా తయారు చేశారు. 1997లో అమెరికా తన వికలాంగుల విద్యా చట్టాన్ని సవరించినప్పుడు ఈ మాట చట్టంలోకి ఎక్కింది. దీన్నే పొట్టిగా పీబీఐఎస్ అంటారు. ఇవాళ అమెరికాలో 25 వేలకు పైగా స్కూళ్ళు ఏదో ఒక మేరకు ఈ పద్ధతిని తీసుకున్నాయి.

అమెరికా అనగానే అక్కడ పిల్లల్ని ఎవరూ కొట్టరనుకోకండి. 1977లో ఇంగ్రహామ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, స్కూల్లో కొట్టడం రాజ్యాంగం నిషేధించిన క్రూర శిక్ష కిందికి రాదని చెప్పింది. నేనుండే టెక్సాస్‌లో ఇవాళ్టికీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఒప్పుకుంటే చెక్క పలకతో కొట్టడం చట్టబద్ధమే. తల్లిదండ్రులు వద్దని రాసిస్తే తప్ప. ఈ విషయంలో మన దేశపు చట్టం వాళ్ళ చట్టం కంటే ముందుంది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

మూడు మెట్లు

ఈ పద్ధతిలో మూడు మెట్లుంటాయి. మొదటి మెట్టు స్కూల్లో ఉన్న పిల్లలందరికీ. లెక్కలు నేర్పినట్టే ప్రవర్తన కూడా నేర్పుతారు. గుణకారం రాని పిల్లవాడికి గుణకారం నేర్పుతాం. చదవడం రానివాడికి చదవడం నేర్పుతాం. మరి వరసలో నిలబడడం రానివాడిని మాత్రం ఎందుకు కొడతాం? వాడికీ నేర్పాలి కదా.

నేర్పడం అంటే "క్రమశిక్షణగా ఉండండి" అని ప్రేయర్‌లో ఉపన్యాసం ఇవ్వడం కాదు. 'క్రమశిక్షణ' అనే మాటకు మెస్‌లో అర్థమేమిటి, వరండాలో అర్థమేమిటి, బాత్‌రూమ్ దగ్గర అర్థమేమిటి, బస్సులో అర్థమేమిటి అని ఒక పట్టిక వేస్తారు. మెస్‌లో అంటే ప్లేటు కడిగి రాక్‌లో పెట్టడం. వరండాలో అంటే కుడి పక్కన నడవడం. కొళాయి దగ్గర అంటే ముందున్నవాళ్ళు పట్టుకునేదాకా ఆగడం. ఆ పట్టిక గోడ మీద అంటించి ఊరుకోరు. పిల్లల్ని ఆ చోటికే తీసుకెళ్ళి, చేసి చూపించి, వాళ్ళతో చేయిస్తారు. సెలవుల తరువాత స్కూలు తెరిచినప్పుడు మళ్ళీ నేర్పుతారు. బాగా చేసినప్పుడు ఆ పని పేరు చెప్పి మెచ్చుకుంటారు. ఇలా చేస్తే చాలా స్కూళ్ళలో నూటికి సుమారు 80 మంది పిల్లలకు ఇంకేమీ అక్కర్లేదు.

రెండో మెట్టు దాంతో సరిపోని కొందరికి, నూటికి 10, 15 మందికి. ఇందులో నాకు బాగా నచ్చినది రోజూ పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు పలకరించే పద్ధతి. పిల్లవాడు పొద్దున స్కూలుకు రాగానే తనకు నచ్చిన ఒక పెద్ద మనిషి దగ్గరకు వెళ్తాడు. ఆ మనిషి టీచరే కానక్కర్లేదు, లైబ్రేరియన్ కావచ్చు, వంట చేసే ఆమె కావచ్చు. "వచ్చావా? తిన్నావా? ఇవాళ ఏం చూసుకుందాం?" అని అడిగి ఒక చిన్న కార్డు ఇస్తారు. ప్రతి పీరియడ్ చివర టీచరు ఆ కార్డు మీద మార్కు వేసి ఒక్క మాట చెబుతారు. సాయంత్రం మళ్ళీ ఆ మనిషి దగ్గరకే వచ్చి రోజు ఎలా గడిచిందో చూపిస్తాడు. కార్డు ఇంటికి వెళ్తుంది. ఖర్చు లేదు, పరికరం లేదు. తాను వచ్చాడో లేదో చూసే మనిషి స్కూల్లో ఒకరున్నారని పిల్లవాడికి తెలుస్తుంది. అంతే.

మూడో మెట్టు నూటికి నలుగురైదుగురికి. ఇక్కడ ఆ ఒక్క పిల్లవాడి కోసమే కూర్చుని ఆలోచిస్తారు. నా పనిలో కష్టమైనదీ, నేర్పేదీ ఇదే.

ముందు ఏం జరిగింది, తరువాత ఏం దొరికింది

ఒక ఉదాహరణ చెబుతాను. గుర్తు పట్టకుండా వివరాలు కొంచెం మార్చాను. మూడో తరగతి అబ్బాయి, తొమ్మిదేళ్ళు, ఇంట్లో స్పానిష్ మాట్లాడతారు. క్లాసులో కాగితాలు చించుతున్నాడు, కుర్చీ పడేస్తున్నాడు. ప్రతిసారీ ప్రిన్సిపాల్ ఆఫీసుకు పంపుతున్నారు. మూడు వారాల్లో పదకొండు సార్లు పంపారు. "వీడికి భయం లేదు, కోపం వాడి రక్తంలోనే ఉంది" అన్నారు.

మేము చేసిన మొదటి పని వాడితో మాట్లాడడం కాదు, రాసుకోవడం. మూడు గళ్ళ కాగితం. మొదటి గడిలో గొడవకు ముందు ఏం జరుగుతోందో రాయాలి. రెండో గడిలో పిల్లవాడు ఏం చేశాడో రాయాలి. 'మొండితనం చేశాడు' అని కాదు, 'పుస్తకం కింద పడేశాడు' అని కళ్ళకు కనబడింది మాత్రమే. మూడో గడిలో వెంటనే ఆ తరువాత ఏం జరిగిందో రాయాలి. వారం రోజులు రాస్తే గొడవలన్నీ దాదాపు ఒకే సమయంలో వచ్చాయి: ఒక్కొక్కరూ లేచి గట్టిగా చదవాల్సిన పీరియడ్‌లో, తన వంతుకు ఇద్దరు ముందు. తరువాత ఏం జరిగింది? ఆఫీసుకు పంపారు. అంటే చదవాల్సిన పని తప్పింది.

చూశారా? మనం శిక్ష అనుకున్నది వాడికి దారి అయింది. పదిమందిలో తడబడి నవ్వులపాలు కావడం కంటే ఆఫీసులో బెంచీ మీద కూర్చోవడం నయం. వాడికి ఇంగ్లీషులో "నాకు రాదు, సాయం చెయ్యండి" అనడం రాదు, వచ్చినా సిగ్గు. ఆ మాటను వాడు కుర్చీతో చెప్పాడు.

పిల్లల ప్రవర్తన వెనక చాలాసార్లు ఈ రెండిట్లో ఒకటి ఉంటుంది: ఏదో కావాలి, లేదా ఏదో తప్పించుకోవాలి. కావాల్సింది పెద్దవాళ్ళ దృష్టి కావచ్చు, స్నేహితుల నవ్వు కావచ్చు, ఒక వస్తువు కావచ్చు. తప్పించుకోవాల్సింది కష్టమైన పాఠం కావచ్చు, ఒక మనిషి కావచ్చు, చెవులు పగిలే గోల కావచ్చు. ఏదో తెలియకుండా శిక్ష వేస్తే రోగం చూడకుండా మందు పోసినట్టే.

ఆ బాబుకి మూడు పనులు చేశాం. మరుసటి రోజు చదవాల్సిన పేరా ముందు రోజే ఇచ్చి ఒక పెద్ద పిల్లవాడితో కలిసి రెండుసార్లు చదివించాం. బల్ల మీద ఒక ఎర్ర కార్డు పెట్టి, కష్టంగా ఉంటే మాట్లాడకుండా దాన్ని తిప్పి పెట్టడం నేర్పాం. తిప్పితే టీచరు దగ్గరకు వస్తుంది. కార్డు తిప్పిన ప్రతిసారీ "అడిగావు, మంచి పని చేశావు" అనాలని టీచరుతో ఒప్పందం. కుర్చీ పడేస్తే ఆఫీసుకు పంపడం ఆపేశాం. కాసేపు నెమ్మదించాక పని మళ్ళీ మొదలవుతుంది, కాని సాయంతో. మొదటి వారం గొడవలు కొంచెం పెరిగాయి. పాత దారి మూసుకుపోతే ఏ పిల్లవాడైనా ఇంకా గట్టిగా తలుపు తడతాడు. నాలుగో వారానికి తగ్గాయి. పూర్తిగా పోలేదు. కాని చదవడం మొదలుపెట్టాడు, మాకు కావాల్సింది అదే.

కోచ్ ఏం చేస్తుంది

ఇందులో నేను పిల్లవాడితో గడిపిన సమయం చాలా తక్కువ. నా పని ఎక్కువగా టీచర్లతో. ఒక రోజు ట్రైనింగ్ ఇచ్చి, చాయ్ బిస్కెట్ పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చి పంపితే క్లాసులో ఏమీ మారదని ఉపాధ్యాయ శిక్షణ మీద పని చేసిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల నుంచే చెబుతూ వచ్చారు. విన్నది క్లాసులోకి రావాలంటే పక్కన నిలబడి, చూసి, మళ్ళీ మళ్ళీ చేయించే మనిషి కావాలి. ఆ మనిషే కోచ్.

ఇరవై ఏళ్ళ అనుభవమున్న టీచరు దగ్గరకు వెళ్ళి "మీరిలా చెయ్యాలి" అంటే తలుపు మూసుకుంటుంది. అందుకని అనుమతి తీసుకుని వెనక కూర్చుంటాను. ఇరవై నిమిషాలు. కాగితం మీద రెండు గీతల వరసలు: ఎన్నిసార్లు మెచ్చుకుంది, ఎన్నిసార్లు తిట్టింది లేదా దిద్దింది. ఒక దిద్దుబాటుకు నాలుగైదు మెచ్చుకోళ్ళు ఉండేలా చూడమని మా రంగంలో చెబుతారు. చాలా క్లాసుల్లో లెక్క తలకిందులుగా ఉంటుంది. ఆ కాగితం టీచరుకే ఇస్తాను. ప్రిన్సిపాల్‌కు ఇవ్వను. కోచ్ ఇన్‌స్పెక్టర్ కాకూడదు. అది పోతే నమ్మకం పోతుంది, నమ్మకం పోతే పని పోతుంది.

మెచ్చుకోవడంలోనూ తేడా ఉంది. "గుడ్ బాయ్" అంటే ఏం చేశాడని మెచ్చుకున్నారో పిల్లవాడికి తెలియదు. "పక్కవాడికి పెన్సిల్ ఇచ్చావు, బాగుంది" అంటే రేపు మళ్ళీ చేస్తాడు.

నెలకోసారి స్కూల్ టీమ్‌తో కూర్చుని గొడవల లెక్కలు చూస్తాం. ఏం జరుగుతోంది, ఎక్కడ, ఏ సమయంలో, ఎవరితో, ఎందుకు. ఒక స్కూల్లో కొట్లాటలన్నీ ఆరో తరగతి పిల్లలవే అన్నారు. లెక్క చూస్తే సగానికి పైగా మధ్యాహ్నం అన్నాల తరువాత ఒకే ఇరుకు వరండాలో. రెండు క్లాసులు ఒకేసారి ఎదురెదురుగా వస్తున్నాయి. ఒక క్లాసును అయిదు నిమిషాలు ఆలస్యంగా వదిలారు, మలుపు దగ్గర ఒక టీచరు నిలబడ్డారు. సగం గొడవలు ఆగిపోయాయి. చెడ్డ పిల్లలు ఉన్నారనుకున్న చోట ఉన్నది చెడ్డ వరండా.

ఇది మాయమంత్రమని చెప్పను. మేరీలాండ్‌లో 37 ఎలిమెంటరీ స్కూళ్ళను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి ఐదేళ్ళు పరిశీలించారు. ఈ పద్ధతి పాటించిన స్కూళ్ళలో ఆఫీసుకు పంపడాలూ సస్పెన్షన్లూ తగ్గాయని 2010లో ప్రచురించారు. మరో వైపు, పేరు పెట్టుకుని పని చెయ్యని స్కూళ్ళు కూడా ఉన్నాయి. టోకెన్లు, స్టిక్కర్లు పంచి అదే పీబీఐఎస్ అనుకునేవాళ్ళున్నారు. పైగా అమెరికాలో నల్లజాతి పిల్లలకూ, అక్కడి ఆదివాసీ పిల్లలకూ ఎక్కువ శిక్షలు పడుతున్నాయని ప్రభుత్వ లెక్కలే చూపిస్తున్నాయి. స్కూలు మొత్తం మీద గొడవలు తగ్గినా ఆ తేడా దానంతటదే పోలేదు. అందుకే లెక్కలు చూసేటప్పుడు ఏ పిల్లలకు పడుతున్నాయో విడదీసి చూడాలని ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు. ఎవరి పిల్లవాడు చేస్తే అల్లరి, ఎవరి పిల్లవాడు చేస్తే నేరం? ఈ ప్రశ్న మనకు బాగా తెలిసిన ప్రశ్న.

మన ఇంటి సంగతి

1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. మనలో ఎరుకల, లంబాడా వంటి తెగలను వేర్వేరు ప్రాంతాల్లో ఆ జాబితాలో చేర్చారు. తప్పు చేసినవాడిని కాదు, పుట్టిన పిల్లవాడిని కూడా నేరస్తుడిగా లెక్క కట్టారు. ప్రవర్తన రక్తంలో ఉంటుందని చట్టం చెప్పింది. స్వాతంత్య్రం వచ్చాక 1952లో ఆ చట్టం పోయింది. కాని "వీళ్ళింతే, ఎన్ని చెప్పినా మారరు" అనే మాట స్టాఫ్ రూముల్లో ఇంకా వినబడుతుంది. మన పిల్లవాడి అల్లరి గురించి ఎవరైనా రక్తం మాట ఎత్తితే అది శాస్త్రం కాదు, 1871 నాటి మాట.

అమెరికాలోని ఆదివాసులకూ ఇలాంటి చరిత్రే ఉంది. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో మొదలైన బోర్డింగ్ స్కూలు చాలా స్కూళ్ళకు నమూనా అయింది. పిల్లల్ని ఊళ్ళకు దూరం చేశారు, జుట్టు కత్తిరించారు, ఇంటి భాష మాట్లాడితే శిక్షించారు. 1819 నుంచి 1969 వరకు ఇలాంటి 408 స్కూళ్ళను ప్రభుత్వం నడిపింది లేదా పోషించింది అని 2022లో వాళ్ళ ఇంటీరియర్ శాఖ నివేదిక ఇచ్చింది. 2024 అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ అరిజోనాలో ఆదివాసుల ముందు నిలబడి క్షమాపణ చెప్పారు. ఆ రోజు ఆ వార్త చూస్తున్నప్పుడు నాకు మన హాస్టళ్ళు గుర్తొచ్చాయి. రెండూ ఒకటేనని అనను. మన ఆశ్రమ పాఠశాలలు లేకపోతే నేనిక్కడ లేను, మీలో చాలామంది కూడా లేరు. కాని ఆరేళ్ళ పిల్లను తండా నుంచి తీసుకొచ్చి, తనకు రాని భాషలో పలకరించి, జవాబు చెప్పకపోతే 'మొద్దు' అనడం రెండు చోట్లా ఒకటే.

మన దగ్గర మంచి ప్రయత్నాలు జరగలేదని కాదు. 1940లలో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులనే టీచర్లుగా తయారు చేసి గోండీలో చదువు మొదలుపెట్టించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల మొదట్లో కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో ప్రాథమిక పుస్తకాలు తెచ్చారు. భాష తెలిసిన మనిషి ఒకరున్న చోట సగం అల్లరి పుట్టదు.

ఇప్పుడు మీకొక లెక్క ఇస్తాను. మనస్సులో చెయ్యండి. హాస్టల్లో మూడో తరగతి పిల్లవాడు గోడ దూకి పారిపోతున్నాడు. వార్డెన్ సార్ కొట్టారు, గోడ కుర్చీ వేయించారు, టీసీ ఇస్తామన్నారు. అయినా దూకుతున్నాడు. రాసి చూస్తే దూకినవన్నీ తల్లిదండ్రులు వచ్చి చూసి వెళ్ళిపోయిన సాయంత్రాలు. ముందు ఏం జరిగింది? యాడీ వెళ్ళిపోయింది. తరువాత ఏం దొరికింది? దారిలో పట్టుకున్నా, ఇంటికి ఫోన్ చేశారు, యాడీ గొంతు వినబడింది. ఇప్పుడు చెప్పండి, ఈ పిల్లవాడికి బెత్తం ఏం నేర్పుతుంది? వాడికి కావాల్సింది ఏమిటి? ఆ సాయంత్రం వాడితో గోర్ బోలీలో మాట్లాడే పెద్ద పిల్లవాడు ఒకరు, నిద్రకు ముందు చెప్పిన సమయానికి ఒక ఫోను, అమ్మానాన్న వెళ్ళే వేళకు చేతిలో ఒక పని. వార్డెన్ సార్‌ని తిట్టనక్కర్లేదు. వందల మంది పిల్లలకు ఆయనొక్కరే ఉంటే ఆయనకూ సాయం కావాలి.

చట్టం మన వైపే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని శారీరకంగా శిక్షించడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గుంజీలు, తొడపాశం, గోడ కుర్చీ, కులం పేరుతో తెగ పేరుతో ఎగతాళి అన్నీ అందులోకి వస్తాయి. జాతీయ బాలల హక్కుల కమిషన్ దీని మీద మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కాని 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో బడికి వెళ్ళే ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు దెబ్బలు తిన్నామని చెప్పారు. చట్టం 'కొట్టొద్దు' అన్నది. కొట్టకుండా ఏం చెయ్యాలో టీచర్లకు నేర్పే మనిషి మాత్రం చాలా స్కూళ్ళలో లేడు. ఆ ఖాళీ గురించే నేను మీతో మాట్లాడుతున్నాను. తీవ్రమైన దెబ్బలు, వేధింపులు కనబడితే మాత్రం ఆలోచిస్తూ కూర్చోవద్దు, 1098కి ఫోన్ చెయ్యండి.

మీరేం చెయ్యగలరు

మీలో చాలామంది డీఎస్సీకి, గురుకుల పోస్టులకు చదువుతున్నారు. కొందరు తండాలో, గూడెంలో సాయంత్రం ట్యూషన్ చెబుతున్నారు. కొందరికి హాస్టల్లో తమ్ముడో చెల్లెలో ఉన్నారు. ఏ ఉద్యోగం లేకుండానే రేపటి నుంచి చెయ్యగలిగేవి ఇవి.

ట్యూషన్‌లో ఒక పిల్లవాడు విసిగిస్తుంటే వారం రోజులు మూడు గళ్ళు రాయండి. ముందు, చేసింది, తరువాత. తిట్టే ముందు ఆ కాగితం చదవండి.

రోజుకు ఒక పిల్లను పేరు పెట్టి, చేసిన పని చెప్పి మెచ్చుకోండి. మన ఇళ్ళల్లో ప్రేమ ఉంటుంది, నోటితో చెప్పడం తక్కువ. చెప్పండి.

సెలవులకు వచ్చిన తమ్ముణ్ణి "బాగా చదువుతున్నావా?" అని అడిగితే తలూపుతాడు. "మీ హాస్టల్లో నీకు బాగా నచ్చిన చోటు ఏది? వెళ్ళడానికి భయమేసే చోటు ఏది?" అని అడగండి. చాలా సంగతులు తెలుస్తాయి.

హాస్టల్‌కు వెళ్ళినప్పుడు వార్డెన్‌నో టీచర్నో కలిసి, ఫిర్యాదుతో కాకుండా సాయంతో మాట మొదలుపెట్టండి. "సార్, వాడికి తెలుగు ఇంకా సరిగ్గా రాదు, ఈ పది మాటలు మా భాషలో ఇలా అంటారు" అని ఒక కాగితం రాసివ్వండి. పది మాటల కాగితం: నీళ్ళు, ఆకలి, కడుపునొప్పి, భయం, అమ్మ, ఇల్లు... మన భాష తెలిసిన మీరు తప్ప అది రాసిచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

ఇక ఉద్యోగంగా రావాలనుకునేవాళ్ళకు. మన దేశంలో స్కూల్లో 'బిహేవియర్ కోచ్' అనే పోస్టు పేరు సాధారణంగా కనబడదు. దగ్గరి దారులు మూడున్నాయి. ఒకటి స్పెషల్ ఎడ్యుకేషన్: డీఎడ్ లేదా బీఎడ్, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న కాలేజీలోనే చెయ్యాలి, చదువు అయ్యాక ఆ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. సికింద్రాబాద్ బోయినపల్లిలోని ఎన్ఐఈపీఐడీ ఈ రంగంలో జాతీయ సంస్థ, మన ఇంటి పక్కనే ఉంది. మండలాల్లో భవిత కేంద్రాలు చూసే ఐఈఆర్పీలు ఈ చదువు నుంచే వస్తారు. రెండోది సైకాలజీ లేదా సోషల్ వర్క్ చదివి కౌన్సెలర్‌గా వెళ్ళడం. 2023 కేంద్ర బడ్జెట్‌లో 740 ఏకలవ్య స్కూళ్ళకు 38,800 మంది టీచర్లు, సిబ్బందిని తీసుకుంటామని ప్రకటించారు. ఆ స్కూళ్ళ పోస్టుల్లో కౌన్సెలర్ కూడా ఉంది, నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. మూడోది మామూలు టీచరుగానే వెళ్ళి ఈ పద్ధతి నేర్చుకుని మీ స్కూల్లో మొదలుపెట్టడం. నిజం చెప్పాలంటే ఎక్కువమందికి ఇదే దారి.

అమెరికా దారి గురించి కూడా అడుగుతారని తెలుసు. ఇక్కడ ఆర్‌బీటీ అనే మొదటి మెట్టుకు శిక్షణ 40 గంటలే, పైన పరీక్ష ఉంటుంది. అది చూసి ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని "అమెరికా సర్టిఫికెట్" అని ఆశ చూపేవాళ్ళుంటారు. ఆ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ 2023 నుంచి కొన్ని దేశాల్లో ఉండేవారి నుంచే కొత్త దరఖాస్తులు తీసుకుంటోంది, ఆ కొన్నిటిలో ఇండియా లేదు. డబ్బు కట్టే ముందు రెండుసార్లు కనుక్కోండి.

మన తీజ్ పండుగ మీకు తెలుసు. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తారు. ఏ బుట్టలో మొలక పలచగా వచ్చిందో దానికి ఇంకొంచెం నీళ్ళు పోస్తారు, వెలుతురులోకి జరుపుతారు. మొలకను లాగి ఎవరూ పెంచరు. ఈ పని మన ఆడపిల్లలకు నేర్పాల్సిన పని లేదు. దాన్ని బడిలోకి తీసుకెళ్ళేవాళ్ళు కావాలి. మీలో పదిమంది వెళ్ళినా, పది హాస్టళ్ళలో గోడలు దూకే పిల్లలు తగ్గుతారు, పదో తరగతి దాకా నిలిచే పిల్లలు పెరుగుతారు.

ప్రశ్నలుంటే సంఘం గ్రూపులో పంపండి, ఆలస్యమైనా జవాబు ఇస్తాను. అందరికీ రామ్ రామ్. జై సేవాలాల్.